పైనుంచి ఇంటి రూఫ్ ఫోటో తీసి పాలసీ ఆపేస్తామంటున్నారు, ఇదెక్కడి న్యాయం?

ఫ్రిస్కో_కాపురం
డల్లాస్ వైపు సొంతిల్లు ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి. హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ వచ్చింది. ఈసారి రెన్యువల్ చేయరట. కారణం "రూఫ్ పరిస్థితి". లెటర్‌తో పాటు పైనుంచి తీసిన ఫోటో ఒకటి పెట్టారు. మా ఇల్లే. పెరట్లో మావాడి ట్రాంపొలిన్, కుర్చీ మీద ఆరేసిన దుప్పటితో సహా కనిపిస్తోంది. ఉత్తరం వైపు రూఫ్ మీద నల్ల చారలుంటే వాటి చుట్టూ ఎర్రగీత గీశారు.
ఒక్క మనిషి ఇంటికి రాలేదు. నిచ్చెన వేసి చూసిందీ లేదు. రూఫ్ వయసు 14 ఏళ్లు, కారడం లేదు. ఇల్లు కొన్నప్పటి నుంచి ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఏటా ప్రీమియం పెంచుతుంటే నోరు మూసుకుని కట్టాను. రూఫ్ మార్చాలంటే 20 వేల డాలర్ల పైనే అంటున్నారు. అడగకుండా ఫోటో తీసి ఇలా చేయొచ్చా? ఇప్పుడు నేనేం చేయాలి?

ప్లేనో_పప్పుచారు
మా వీధిలో ముగ్గురికి వచ్చాయి ఇలాంటివి. మీరు నాలుగో వారు. క్లబ్ పెట్టుకుందాం.

మినపవడియం
అయ్యబాబోయ్, అంటే డాబా మీద వడియాలు పెట్టుకున్నా కనిపిస్తాయా? "రూఫ్‌పై అనుమానాస్పద తెల్లమచ్చలు" అని మా అమ్మకి లెటర్ రావడం ఒక్కటే తక్కువ.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
వడియాల సంగతి నవ్వులాటకి అన్నారు గానీ, ఆ ఫోటోలు చూసేవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి రాస్తున్నా. కంపెనీ పేరు అడక్కండి.
హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఇళ్ల రూఫ్‌లు చూస్తాం. చిన్న విమానాలు ఊళ్ల మీద తిరుగుతూ తీసిన ఫోటోలు, కొన్ని శాటిలైట్‌వి. వాటిని ఇన్సూరెన్స్ కంపెనీలకు అమ్మే వ్యాపారం వేరే ఉంది. ముందు సాఫ్ట్‌వేర్ చూసి ఒక స్కోర్ ఇస్తుంది. షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) ఊడాయా, మరకలున్నాయా, టార్పాలిన్ కప్పారా, చెట్టుకొమ్మ రూఫ్ మీదకి వచ్చిందా, పెరట్లో ట్రాంపొలిన్, స్విమ్మింగ్ పూల్ ఉన్నాయా, అన్నీ లెక్కే. అనుమానం ఉన్నవి మా స్క్రీన్ మీదకి వస్తాయి. ఒక్కో ఇంటికి మాకిచ్చే టైం నిమిషం కూడా ఉండదు.
ఇప్పుడు అసలు విషయం. ఉత్తరం వైపు నల్లచారలు అన్నారు కదా. ఎండ తక్కువ తగిలే వైపు నాచు లాంటిది పడుతుంది, డల్లాస్ వైపు చాలా ఇళ్లకి ఉంటుంది. చూడ్డానికి బాగోదు గానీ రూఫ్ పాడైందని దాని అర్థం కాదు. చెట్టు నీడని మరక అని, తడి రూఫ్‌ని పాత రూఫ్ అని సాఫ్ట్‌వేర్ పట్టుకున్న కేసులు మేం రోజూ చూస్తాం. ఫోటో ఏ తేదీదో లెటర్‌లో ఉందేమో చూడండి. కొన్నిసార్లు ఏడాది పాతది ఉంటుంది, ఈలోపు ఇంటివాళ్లు రూఫ్ మార్చేసి ఉంటారు.

ఫ్రిస్కో_కాపురం
@మాదాపూర్_నైట్‌షిఫ్ట్ తేదీ లేదన్నా. కానీ పక్క గ్యారేజ్ ముందు మా పాత కారుంది. అది అమ్మేసి చాలా కాలమైంది!

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
ఇంకేం, ఆ కారు అమ్మిన కాగితం దాచుకోండి. మంచి సాక్ష్యం.

ప్రాస్పర్_కొత్తిల్లు
ఎవరూ తిట్టొద్దు, ఒక మాట. 14 ఏళ్ల రూఫ్ మీద వడగళ్లు పడితే మొత్తం మార్చాల్సిందే. ఆ ఖర్చు కొత్త రూఫ్ ఉన్న నా ప్రీమియంలోంచి ఎందుకు పోవాలి? కారు ఇన్సూరెన్స్‌లో యాక్సిడెంట్లు చేసేవాడికి ఎక్కువ వేస్తే న్యాయం అంటాం. ఇల్లు అనేసరికి అన్యాయమా?

ప్లేనో_పప్పుచారు
ఇంకో పదేళ్లకి నీ రూఫ్ కూడా పాతబడుతుంది బ్రో. అప్పుడు ఈ పోస్ట్ వెతికి నీకే ట్యాగ్ చేస్తా.

లెక్కల_పంతులమ్మ
యాక్చువరీగా, అంటే ఇన్సూరెన్స్ రిస్క్ లెక్కలు కట్టే పని, చేస్తున్నా, లండన్‌లో. @ప్రాస్పర్_కొత్తిల్లు అడిగింది మామూలు ప్రశ్నే, కానీ దాని వెనక కథ ఫ్రిస్కోలో మొదలవలేదు.
ఇన్సూరెన్స్ కంపెనీ కూడా తన రిస్క్‌లో కొంత వేరే కంపెనీకి అమ్ముకుంటుంది. దాన్ని రీఇన్సూరెన్స్ అంటారు. మ్యూనిక్ రీ, స్విస్ రీ, ఇక్కడి లాయిడ్స్ మార్కెట్, ఇవీ పెద్ద తలకాయలు. స్విస్ రీ లెక్క ప్రకారం 2024లో ప్రకృతి విపత్తులకు ప్రపంచవ్యాప్తంగా ఇన్సూరెన్స్ కంపెనీలు భరించిన నష్టం 137 బిలియన్ డాలర్లు. ఏడాదికి 100 బిలియన్లు దాటడం ఇప్పుడు మామూలైపోయింది. అందులో హరికేన్లు, భూకంపాల వాటా గురించి అందరికీ తెలుసు. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది వడగళ్లు, గాలివానలు. 2023లో అమెరికాలో వాటి బిల్లే 50 బిలియన్ డాలర్లు దాటింది.
2023 జనవరి రెన్యువల్స్‌లో రీఇన్సూరెన్స్ వాళ్లు రేట్లు బాగా పెంచారు. దానికంటే ముఖ్యంగా, "చిన్న నష్టాలు మీరే పడండి, బాగా పెద్దవైతేనే మా దగ్గరకి రండి" అని గీత పైకి జరిపారు. వడగళ్ల వాన ఒక్కోటిగా చూస్తే ఆ గీత కిందే ఉండిపోతుంది. అంటే మీ రూఫ్ ఖర్చు అంతకుముందు జ్యూరిక్, మ్యూనిక్‌లలోని ఆ రీఇన్సూరెన్స్ కంపెనీలు కూడా పంచుకునేవి, ఇప్పుడు ఎక్కువ భాగం మీ కంపెనీ నెత్తిన పడింది. అందుకే వాళ్లు రూఫ్‌లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.
మునుపు ఇది ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు లాంటిది, ఎవరెంత తిన్నా ఖర్చు అందరిదీ. ఇప్పుడు ఎవరి కంచం వాళ్లకి తూకం వేస్తున్నారు. తక్కువ తినేవాడికి బాగానే ఉంటుంది. కానీ కంచం మరీ బరువున్నవాణ్ని అసలు పంక్తిలోనే కూర్చోనివ్వకపోతే వాడెక్కడికి పోవాలి? నా అభ్యంతరం అక్కడే.

ప్రాస్పర్_కొత్తిల్లు
వాడు రూఫ్ మార్చుకోవాలి, అంతే కదా.

టాంపా_బాబాయ్
మార్చుకోగలిగితే మార్చుకుంటాడు. ఇల్లే అడివి పక్కనో సముద్రం పక్కనో ఉంటే ఏం మారుస్తాడు? మా ఫ్లోరిడా కథ వినండి. 1992లో ఆండ్రూ హరికేన్ వచ్చాక 11 కంపెనీలు దివాలా తీశాయి. తర్వాత కంప్యూటర్ మోడల్స్‌తో లెక్కలు వేయడం మొదలైంది. పెద్ద కంపెనీలు మెల్లగా తప్పుకున్నాయి. ఎవరూ ఇవ్వకపోతే చివరికి సిటిజన్స్ అని రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థే గతి. దాని పాలసీలు 2023లో 14 లక్షల దాకా వెళ్లాయి. పెద్ద తుఫాను వచ్చి దాని డబ్బు చాలకపోతే? రాష్ట్రంలో మిగతా పాలసీదారుల మీద సర్‌చార్జ్ వేస్తారు. అంటే కొత్త రూఫ్ ఉన్నవాడు కూడా కడతాడు. @ప్రాస్పర్_కొత్తిల్లు తప్పించుకున్నావనుకోకు, దారి మార్చుకుని నీ దగ్గరకే వస్తుంది.
ఒక మంచి మాట కూడా ఉంది. 2022లో చేసిన చట్టం ప్రకారం మా దగ్గర 15 ఏళ్లలోపు రూఫ్‌ని వయసు ఒక్కటే చూపించి కాదనకూడదు. 15 దాటితే ఇన్‌స్పెక్షన్ చేయించుకోవచ్చు. ఇంకో 5 ఏళ్లు ఆగుతుందని రిపోర్ట్ వస్తే వయసు వంకతో ఆపలేరు.

శాన్‌హోసే_సాంబార్
మాదీ అదే గోల. 2023 మేలో స్టేట్ ఫామ్ కాలిఫోర్నియాలో కొత్త హోమ్ పాలసీలు ఆపేసింది. 2024 మార్చిలో 72 వేల పాలసీలు రెన్యువల్ చేయమని ప్రకటించింది. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ మంటలు. పాలిసేడ్స్, ఈటన్ రెండూ కలిపి 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. మా చివరి గతి పేరు ఫెయిర్ ప్లాన్. దానికి డబ్బు చాలక ఫిబ్రవరిలో మిగతా కంపెనీల దగ్గర 100 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులో కొంత మళ్లీ మా బిల్లుల్లోనే వేసుకోనిచ్చారు.
అందరూ వాతావరణం అంటారు గానీ, మా దగ్గర రూల్స్ తప్పు కూడా ఉంది. 1988లో ప్రజలు ఓటేసి తెచ్చిన ప్రాపొజిషన్ 103 ప్రకారం రేటు పెంచాలంటే ముందు ప్రభుత్వం ఒప్పుకోవాలి. 2024 దాకా పాత నష్టాలే చూపాల్సి వచ్చేది, మోడల్స్ చూపి రేపటి మంట లెక్క చెబితే కుదిరేది కాదు. రేటు పెంచనివ్వకపోతే వాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. 2024 చివర్లో రూల్ మార్చి మోడల్స్ ఒప్పుకున్నారు, బదులుగా మంటల ప్రాంతాల్లో కూడా పాలసీలు ఇవ్వాలని షరతు పెట్టారు.

ప్లేనో_పప్పుచారు
టెక్సాస్‌లో ఆ బాధ లేదు. కంపెనీ రేటు ఫైల్ చేసి వెంటనే వాడేసుకోవచ్చు. అందుకే మన దగ్గర కంపెనీలు పారిపోవు, ప్రీమియం మాత్రం పరుగెడుతుంది.

ఇర్వింగ్_నర్సమ్మ
ఇళ్లే కాదు. కారు ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ ఇస్తామంటే ఫోన్‌లో యాప్ పెట్టుకున్నా. నాది హాస్పిటల్‌లో నైట్ డ్యూటీ. రాత్రి పన్నెండు దాటాక డ్రైవ్ చేస్తే మార్కులు పోతాయట. ఖాళీ రోడ్డు మీద 40లో వెళ్తున్నా "రిస్కీ టైం" అని చూపిస్తుంది. మా ఆయన పగలు 75 మీద ట్రాఫిక్‌లో చుక్కలు చూపిస్తూ నడిపినా ఆయనకే మంచి స్కోర్. తీసి పారేశా.

శాన్‌హోసే_సాంబార్
యాప్ అయితే తీసేయొచ్చు. జీఎం (జనరల్ మోటార్స్) కార్లు అయితే కారే చెప్పేసింది. బ్రేక్ ఎప్పుడు గట్టిగా వేశారు, ఎంత స్పీడ్‌లో వెళ్లారు, అన్నీ లెక్సిస్‌నెక్సిస్ లాంటి డేటా కంపెనీలకు వెళ్లాయని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆగస్టులో టెక్సాస్ అటార్నీ జనరల్ కేసు వేశారు. తర్వాత వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ కల్పించుకుని ఐదేళ్లు అలా ఇవ్వకూడదని కట్టడి చేసింది. చాలామందికి తమ కారు చాడీలు చెబుతోందని ప్రీమియం పెరిగాకే తెలిసింది.

కోనసీమ_కొబ్బరాకు
ఇండియాలో కూడా తక్కువ నడిపితే తక్కువ ప్రీమియం అని 2022 నుంచి పెట్టారు కదండీ. అది మంచిదేగా? మా నాన్నగారు కారు తీసేది గుడికి, బ్యాంకుకి. ఆయన కూడా ట్యాక్సీ నడిపినట్టు కట్టాలా?

లెక్కల_పంతులమ్మ
@కోనసీమ_కొబ్బరాకు కిలోమీటర్లు లెక్కపెట్టడం వేరండి, అది మీ నాన్నగారి చేతిలో ఉంది. నైట్ డ్యూటీ @ఇర్వింగ్_నర్సమ్మ గారి చేతిలో లేదు. మార్చుకోగలిగిన దానికి ధర వేస్తే మనిషి జాగ్రత్తపడతాడు. మార్చుకోలేనిదానికి వేస్తే అది శిక్ష. నేను పనిచేసే చోట కూడా ఈ గొడవ జరుగుతూనే ఉంటుంది, మార్కెటింగ్ వాళ్లే ఎక్కువసార్లు గెలుస్తారు.

బెజవాడ_సింగ్‌నగర్
మీరంతా అమెరికా గొడవలో ఉన్నారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్తా. కార్లు సీట్ల దాకా మునిగాయి. నీళ్లు తీశాక సర్వేయర్ వచ్చి ఫస్ట్ అడిగిన ప్రశ్న: "బండి స్టార్ట్ చేశారా?" మా ఎదురింటాయన పాపం నిజం చెప్పాడు, ఒకసారి సెల్ఫ్ కొట్టి చూశానని. అంతే. ఇంజిన్‌లోకి నీళ్లు లాక్కున్నది వరద కాదు మీరే అని ఇంజిన్ వరకు క్లెయిమ్ కొట్టేశారు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే వచ్చేది. నాకు ఉంది కాబట్టి బతికిపోయా. షోరూమ్ వాడు అంటగట్టాడని అప్పట్లో తిట్టుకున్నా.
క్లెయిమ్‌ల కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా క్యాంప్ పెట్టించింది. అక్కడ క్యూలో చూశా, కార్లకి, బైక్‌లకి పాలసీ ఉంది గానీ ఇంటికి ఉన్నవాడు ఒక్కడూ కనపడలేదు. టీవీ, ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ రోడ్డు మీద బురద కుప్పలు.

కోనసీమ_కొబ్బరాకు
ఇంటికి ఇన్సూరెన్స్ అనేది ఉంటుందని కూడా చాలామందికి తెలీదండి.

బెజవాడ_సింగ్‌నగర్
ఉంది. భారత్ గృహ రక్ష అని, 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే షరతులతో ఇవ్వాలి. వరద, తుఫాను, భూకంపం, అగ్నిప్రమాదం అన్నీ బేసిక్‌లోనే. బిల్డింగ్‌కి చేయిస్తే సామాన్లకి కూడా బిల్డింగ్ విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, విడిగా లిస్ట్ ఇవ్వకపోయినా కవర్ అవుతుంది. వరద తర్వాత మా ఫ్లాట్‌కి చేయించా, రెండు వేల లోపే పడింది.

టాంపా_బాబాయ్
వరద బేసిక్‌లోనా! ఇక్కడ వరదకి విడిగా కొనాలి. మామూలు హోమ్ పాలసీలో వరద ఉండదు. 1968 నుంచి ఫెడరల్ ప్రభుత్వమే నడుపుతున్న ఫ్లడ్ ప్రోగ్రాం ఉంది, ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు. కొన్నాక సాధారణంగా 30 రోజులు ఆగాలి, తుఫాను టీవీలో కనపడ్డాక కొంటే పనికిరాదు. 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో ఎక్కువ వాటికి అది లేదు, మనవాళ్ల ఇళ్లు కూడా ఎన్నో.

మినపవడియం
అంటే ఒక్క విషయంలో అయినా బెజవాడ ఫ్రిస్కో కంటే ముందుంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పాలమూరు_పల్లికాయ
ఫోటో గొడవ లేదు, సర్వేయర్ గొడవ లేదు, ఇంకో రకం ఉంది. వాన ఇంతకంటే తక్కువ పడితే పైసలు, అంతే. ఇప్పుడు దాన్ని పారామెట్రిక్ అని పెద్ద పేరు పెట్టి కొత్తగా చెప్తున్నరు గానీ, దేశంలో మొదట అది వచ్చింది మా మహబూబ్‌నగర్ జిల్లాలనే. 2003ల బేసిక్స్ అనే చిన్న అప్పుల సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి, ప్రపంచ బ్యాంక్ సాయంతో, పల్లి, ఆముదం రైతులకు వాన బీమా ఇచ్చిండ్రు. రెండొందల చిల్లర మంది రైతులు తీసుకున్నరు.
వినడానికి బాగుంటది. తర్వాత పత్తికి వాతావరణ బీమా వచ్చినప్పుడు మా నాయన కట్టిండు. మండలంల పెట్టిన యంత్రం దగ్గర దంచి కొట్టింది, మా చెలకల మట్టి తడవలేదు. యంత్రం లెక్కల వాన పడ్డట్టే. ఒక్క రూపాయి రాలే. మా నాయన ఆ యంత్రం కాడికి పోయి చూసొచ్చి, "మన చేన్ల వేస్తే అయిపోవు కదరా" అన్నడు.

లెక్కల_పంతులమ్మ
@పాలమూరు_పల్లికాయ ఇది దేశాలకే జరుగుతోంది. జమైకా ప్రపంచ బ్యాంక్ ద్వారా 150 మిలియన్ డాలర్ల క్యాట్ బాండ్, అంటే విపత్తు బీమా లాంటి బాండ్, తీసుకుంది. తుఫాను మధ్యలో గాలి పీడనం ఫలానా గీత కిందకి పడితే డబ్బు. 2024లో బెరిల్ హరికేన్ ద్వీపాన్ని దెబ్బతీసింది, పీడనం మాత్రం గీత కిందకి రాలేదు, పైసా రాలేదు. 2025 అక్టోబర్‌లో మెలిస్సా వచ్చింది, ఈసారి మొత్తం 150 మిలియన్లూ వచ్చాయి. అంతా సర్వే చేసి లెక్క కట్టేదాకా ఆగాల్సిన పని లేకుండా చేతికి డబ్బు రావడం దాని గొప్ప. గీత పక్కన ఆగిపోయినవాడికి ఏమీ రాకపోవడం దాని లోపం. అయినా ఇది పెరుగుతుందనే నా నమ్మకం. అహ్మదాబాద్‌లో పుట్టిన సేవా సంఘం వాళ్లు ఎండ డిగ్రీలు చూసి అసంఘటిత మహిళా కార్మికులకి డబ్బు ఇచ్చే బీమా ఇప్పటికే నడుపుతున్నారు.

పాలమూరు_పల్లికాయ
పెరగనీ అక్కా, యంత్రాలు కూడా పెరగాలె. ఊరికొకటి పెట్టకుంట పాలసీ ఊరూరా అమ్మితే ఎట్ల.

ప్రాస్పర్_కొత్తిల్లు
సరే, నేను కొంచెం తగ్గుతా. ఫోటో చూసి రేటు పెంచడం తప్పు కాదు, కానీ ఫోటో చూపించి, తేదీ చెప్పి, జవాబు ఇవ్వడానికి టైం ఇవ్వాలి. అంతవరకు ఒప్పుకుంటా.

ప్లేనో_పప్పుచారు
@ఫ్రిస్కో_కాపురం పనికొచ్చే మాటలు కూడా రాద్దాం. లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌తో రూఫ్ రిపోర్ట్ రాయించండి, తేదీ పడే ఫోటోలతో. దాన్ని ఏజెంట్‌కి, కంపెనీకి రెండు చోట్లా మెయిల్ చేయండి. వినకపోతే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్‌లో కంప్లైంట్, ఖర్చు ఏమీ లేదు. ఈలోపు వేరే కొటేషన్లు తీసుకోండి, పాలసీ మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీ ఉండనివ్వద్దు.
కొటేషన్ తక్కువ అని ఎగిరి గంతేయకండి. డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందు మీరే భరించాల్సిన మొత్తం, చూడండి. గాలి, వడగళ్లకి విడిగా 2 శాతం అని ఉంటుంది, అది నష్టంలో కాదు, ఇంటి కవరేజీలో. 5 లక్షల డాలర్ల ఇల్లయితే మొదటి 10 వేలు మీవే. రూఫ్‌కి కొత్తదాని ధర ఇస్తారా, వయసు లెక్కన తగ్గించి ఇస్తారా అన్నది కూడా చదవండి. 14 ఏళ్ల రూఫ్‌కి అలా తగ్గిస్తే చేతికి వచ్చేది చిల్లరే.

ఇర్వింగ్_నర్సమ్మ
వడగళ్లు పడిన మర్నాడు తలుపు కొట్టి "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అనే రూఫర్లు ఉంటారు. వాళ్లకి దణ్ణం పెట్టి పంపేయండి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి అది నేరం.

ఫ్రిస్కో_కాపురం
ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చారలు నాచే, షింగిల్స్ గట్టిగానే ఉన్నాయని రాసిచ్చాడు. పాత కారు కనపడుతున్న సంగతి, అది అమ్మిన కాగితం కూడా జతచేసి పంపా. ఏజెంట్ ఫోన్ చేసి "రివ్యూకి వేశాం" అన్నాడు. రూఫ్ కడిగించి మళ్లీ ఫోటోలు పంపమన్నాడు. ట్రాంపొలిన్ కూడా తీసేస్తే మంచిదట. మావాడు రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
కడిగేవాడికి ప్రెజర్ వాషర్ వాడొద్దని చెప్పండి. షింగిల్స్ మీద ఇసుక పొర లేచిపోతుంది, అప్పుడు నిజంగానే పాడైన రూఫ్ అవుతుంది. మందు కొట్టి తక్కువ ప్రెజర్ నీళ్లతో కడగాలి.

కోపెల్_కొత్తకోడలు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఈ నెల ఇల్లు క్లోజ్ అవుతోంది, అంటే కొనుగోలు పూర్తవుతోంది మాకు. ఎస్క్రో (లోన్ కంతుతో పాటే ఇన్సూరెన్స్ డబ్బు తీసి పెట్టే ఖాతా) ఉంటే ఇన్సూరెన్స్ సంగతి బ్యాంకే చూసుకుంటుందని మా ఆయన అంటున్నారు. నిజమేనా?

ప్లేనో_పప్పుచారు
డబ్బు కట్టడం వరకే బ్యాంక్. పాలసీ వెతుక్కోవాల్సింది మీరే. మీ పాలసీ ఆగిపోతే బ్యాంక్ తనే ఒకటి కొని మీ బిల్లులో వేస్తుంది. ధర చాలా ఎక్కువ, కాపాడేది బ్యాంక్ అప్పునే, మీ సామాన్లని కాదు. క్లోజింగ్ లోపు ఆ ఇంటి పాత క్లెయిమ్‌ల రిపోర్ట్, క్లూ అంటారు, అమ్మేవాళ్లని అడిగి తీసుకోండి. ఏడేళ్ల వరకు అందులో ఉంటాయి.

టాంపా_బాబాయ్
రూఫ్ ఏ ఏడాది వేశారో పర్మిట్ కాగితం కూడా అడుగమ్మా. అమ్మేవాడి నోటిమాట నమ్మకు.

కోపెల్_కొత్తకోడలు
పర్మిట్ సిటీ ఆఫీసులో దొరుకుతుందా, అమ్మేవాళ్లే ఇవ్వాలా?

ప్లేనో_పప్పుచారు
సిటీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూడండి, చాలా ఊళ్లలో అక్కడే వస్తుంది. లేకపోతే ఫోన్ చేస్తే చెప్తారు.